ఈగ వాలిన బూటు

2011 సెప్టెంబరు నెలాఖరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలైంది. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. ఆటోలు ఒకరోజు తిరిగితే రెండు రోజులు తిరగడం లేదు. గచ్చిబౌలిలో ఒక ఏడంతస్తుల అద్దాల ఆఫీసుకు సెక్యూరిటీ గార్డుగా పనిచేసే లింగయ్య నాలుగు రోజులుగా గేటు వదిలి ఇంటికి పోలేదు.

అతని తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన ఎల్లేశం పటాన్‌చెరు అవతలి నుంచి రావాలి. రావడానికి దారి లేదు. గేటును ఖాళీగా వదలడం లింగయ్యకు మనసొప్పలేదు. పగలంతా నిలబడి, రాత్రిపూట గేటు పక్కనున్న చిన్న గదిలో కుర్చీలోనే కునుకు తీశాడు. బోరబండలో ఉన్న భార్య బాలమణికి ఫోన్ చేసి, "ఫికర్ జెయ్యకు, తిండికి లోటు లేదు" అని చెప్పాడు. తెలంగాణ రావాలని అతనికీ గట్టిగా ఉంది. కానీ సమ్మెకు పోయేంత స్థిరమైన ఉద్యోగం కాదు అతనిది. వార్తలు విని సంతోషపడటమే అతను చేయగలిగింది.

లింగయ్యకు యాభై రెండేళ్లు. జోగిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఈ గేటులో ఆరేళ్లుగా ఉన్నాడు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. చొక్కా మడత నలగనివ్వడు. నల్ల బూట్లను రోజూ పొద్దున్నే పాలిష్ చేస్తాడు. కార్లలో వచ్చేవాళ్లు తన మొహం గుర్తుపెట్టుకోకపోయినా బూట్లు మాత్రం చూస్తారని అతని నమ్మకం. పదేళ్లుగా షుగర్ ఉంది. ఏడాదిగా పాదాలు తిమ్మిరెక్కినట్టు ఉంటున్నాయి. నేల మీద నడుస్తున్నా దూది మీద నడిచినట్టే ఉండేది. వయసు వల్ల అనుకున్నాడు.

ఆ నాలుగు రోజులూ వాన పడుతూ, ఆగుతూ ఉంది. బూట్లు తడిశాయి, ఆరాయి, మళ్లీ తడిశాయి. కుడి బూటు చిటికెన వేలి దగ్గర కుట్టు విడిపోయింది. పాదాలు వాచాయని తెలుసు కాబట్టి, ఒకసారి విప్పితే మళ్లీ ఎక్కవేమోనని అతను బూట్లు విప్పనేలేదు.

అదే ఆఫీసులో ఈరమ్మ ఊడ్చి, తుడిచే పని చేస్తుంది. అరవైకి దగ్గర పడింది. గోపన్‌పల్లి మనిషి. అది ఊరుగా ఉన్నప్పుడు ఆమె అత్తగారింటికి నూటయాభై గొర్రెల మంద ఉండేది. భూములు అమ్ముడుపోయి, బీళ్లలో అపార్టుమెంట్లు లేచాక మేపడానికి గడ్డి లేకపోయింది. భర్త పోయాడు. మిగిలిన నలభై గొర్రెలనూ మరిది శంకర్‌పల్లి అవతలికి తోలుకుపోయాడు. ఈరమ్మ నీలంరంగు యూనిఫారం చీర కట్టుకుని పనిలో చేరింది. బస్సులు ఆగినప్పటి నుంచి యూనివర్సిటీ గోడ పొడుగునా నడిచి వస్తోంది. ఒక్కపూట కూడా మానలేదు.

మంగళవారం పొద్దున వాన వెలిసి ఎండ కాసింది. గేటు లోపల, ప్రహరీ పక్కన చెత్త డబ్బాలు నిండి పొర్లుతున్నాయి. ఎత్తుకుపోయే బండి అయిదు రోజులుగా రాలేదు. క్యాంటీన్ మిగులు, కోడి బొక్కలు, పులిసిన పెరుగు, అన్నీ అక్కడే. ఈగలు ముసురుతున్నాయి. ఈరమ్మ ఫినాయిల్ చల్లుతూ ఉండగా ఒక పెద్ద ఈగ ఆమె చెవి పక్క నుంచి బరువుగా మోత పెడుతూ పోయింది. నెమలి మెడలా పచ్చగా మెరుస్తోంది. అది డబ్బాల వైపు పోలేదు. డబ్బాల మీదుగా దాటి, గేటు దగ్గర నిలబడ్డ లింగయ్య కుడి బూటు మీద వాలింది.

ఈరమ్మ చీపురు ఆపింది.

ఈగ బూటు మీద అటూ ఇటూ నడిచింది. ముందు ముక్కు మీద తిరిగింది, తర్వాత తాళ్ల దగ్గరికి పోయింది. ఎక్కడా నిలవలేదు. చివరికి చిటికెన వేలి పక్కన కుట్టు విడిపోయిన చోటికి వచ్చి వెనక్కి తిరిగింది. తోక కొసను ఆ చీలికలోకి దూర్చి కదలకుండా ఉండిపోయింది. లింగయ్య కాలు కదిపితే లేచింది, మళ్లీ అక్కడే వాలింది. ఎడమ బూటును ముట్టనైనా ముట్టలేదు.

ఈరమ్మ మామ పుల్లయ్య మంద కాసిన ముసలాయన. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఆమెకు ఆయనే గొర్రెల వైద్యం నేర్పాడు. పొద్దెక్కి ఎండ వేడెక్కే వేళకు దొడ్డి పక్కన కూర్చుని, "గొర్రెను చూడకు బిడ్డా, ఈగను చూడు" అనేవాడు. కడుపునిండా గుడ్లున్న పచ్చ ఈగ ఊరికే ఎక్కడపడితే అక్కడ గుడ్లు పెట్టదు. ఎండ తగిలే పొడి వీపు మీద పెట్టదు. పారుడు పట్టి తోక కింద బొచ్చు తడిసిన చోట, పొట్టేళ్లు కుమ్ముకుని కొమ్ము మొదట్లో చీరుకుపోయిన చోట, వానాకాలం గిట్టల సందులో చెడిన చోట, అప్పుడే పుట్టిన పిల్ల బొడ్డు దగ్గర, ఇట్లాంటి చోట్లే వెతుక్కుంటుంది. తడి ఉండాలి, చీకటి ఉండాలి, చెడుతున్న కండ ఉండాలి. పిల్లలు పుట్టగానే ఎండకు ఎండిపోకూడదు, తిండి పక్కనే ఉండాలి. ఒక తల్లి పెట్టిన చోటికి ఇంకో తల్లి కూడా వస్తుంది. వంద గొర్రెల్లో బొచ్చు కింద దాగిన పుండు కాపరికి కనపడకపోవచ్చు గానీ ఈగకు దొరక్కపోదు. ఈరమ్మ పాతికేళ్లలో అది తప్పగా చూసింది లేదు.

ఆమె లింగయ్య దగ్గరికి పోయింది.

"తమ్మీ, కుడికాలు బూటు ఒకపారి ఇప్పు."

"ఎందుకక్కా?"

"ఇప్పు, చెప్త."

"డ్యూటీల ఉన్న. నడి గేట్ల బూటు ఇప్పమంటవేంది?"

"గా ఈగను చూసినవా?"

లింగయ్య కిందికి చూసి నవ్వాడు. "ఈగలు ఏడ లేవక్కా! డబ్బాలు ఎత్తక అయిదు దినాలాయె."

"గదే చెప్తున్న. గన్ని బొక్కలు, గంత బిర్యానీ ఆడ పెట్టుకొని నీ బూటు మీదికెందుకొచ్చింది? అది తిననీకి రాలే. గుడ్లు పెట్టనీకి జాగ చూసుకుంటున్నది. లోపల ఏదో చెడ్డది తమ్మీ."

"లోపల నా కాలున్నది, ఇంకేముంటది?" అన్నాడు లింగయ్య. "నొప్పి లేదు, ఏం లేదు. పో అక్కా, పని చూసుకో."

అతను నవ్వుతూనే అన్నాడు కానీ అప్పటికే మనసులో ఒక ముల్లు ఉంది. నిన్నటి నుంచి బూటు నుంచి ఏదో వాసన వస్తున్నట్టు అనుమానం. తడి సాక్సు వాసన అనుకున్నాడు. నలుగురి ముందు విప్పితే ఆ వాసన అందరికీ తెలిసిపోతుంది. ఆరేళ్లుగా శుభ్రంగా ఉండే గార్డు అనిపించుకున్నవాడికి అంతకన్నా సిగ్గు ఇంకొకటి లేదు.

బుధవారం పొద్దున ఈరమ్మ పనిలోకి వస్తూనే గేటు దగ్గర ఆగి చూసింది. ఆ బూటు మీద మూడు పచ్చ ఈగలు ఉన్నాయి. మూడూ ఆ చీలిక దగ్గరే.

"తమ్మీ, ఇయ్యాల ఇప్పాలె."

ఈసారి లింగయ్యకు కోపం వచ్చింది. పక్కన ఇద్దరు ఉద్యోగులు ఐడీ కార్డులు చూపిస్తూ లోపలికి పోతున్నారు. వాళ్లు ఆగి చూశారు.

"అందరి ముందట నా ఇజ్జత్ తీస్తున్నవ్ నువ్వు" అన్నాడు గొంతు పెంచి. "గొర్లు కాసిన బుద్ధి ఇంక పోలే నీకు. నేను మనిషినా, గొర్రెనా?"

ఈరమ్మ మొహం చిన్నబోయింది. అయినా పోలేదు.

"గొర్రెవైతే మంచిగుండు తమ్మీ. నలుగురం పట్టుకొని పండవెట్టి చూద్దుము. మనిషివైతివి. నిన్ను అడుక్కోవలసి వచ్చె."

"అడుక్కున్నా ఇప్ప. పో."

ఈరమ్మ చేతిలోని బకెట్ పక్కన పెట్టింది. గేటు మధ్యకు నడిచి, కార్లు వచ్చే దారిలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"గీడనే కూసుంట. నువ్వు బూటు ఇప్పినదాంక లేవ. ధర్నా అనుకో, ఏమన్న అనుకో."

ఆ రోజుల్లో హైదరాబాదులో రోడ్డు మీద మనిషి కూర్చుంటే దాని అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేదు. మొదటి కారు ఆగింది. దాని వెనక రెండోది. మూడో కారువాడు హారన్ మోగించాడు. లింగయ్య చేతులు జోడించి, "లెవ్వక్కా, నా నౌకరి పోతది" అని బతిమిలాడాడు. ఈరమ్మ తల అడ్డంగా ఊపింది.

రెండో అంతస్తులో అడ్మిన్ మేనేజర్ చలపతిరావు కిటికీ లోంచి చూశాడు. ఆయనది భీమవరం వైపు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాడు. రెండు వారాలుగా వీధిలో ఏ అరుపు వినపడినా ఉలిక్కిపడుతున్నాడు. ఉద్యమం చివరికి తమ గేటు దాకా వచ్చేసిందనుకుని, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే కూర్చున్నది ఒక్క మనిషి. అదీ తమ ఆఫీసు ఊడ్చే మనిషి.

"ఏంటమ్మా ఇది? చూడు ఈరమ్మా, ఏదైనా ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం. మీ డిమాండ్లేంటో చెప్పండి."

"ఒక్కటే సార్" అంది ఈరమ్మ. "ఈయన కుడికాలు బూటు ఇప్పాలె."

చలపతిరావుకు తను సరిగ్గా విన్నాడో లేదో అర్థం కాలేదు. లింగయ్య వైపు చూశాడు. లింగయ్య నేల చూపులు చూస్తున్నాడు. ఈరమ్మ రెండు ముక్కల్లో ఈగల సంగతి చెప్పింది. చలపతిరావు వంగి బూటు వైపు చూశాడు. నాలుగో ఈగ కూడా వచ్చి చేరింది.

"విప్పెయ్ లింగయ్యా" అన్నాడు. "రెండు నిమిషాల పని. ఆవిడ లేస్తుంది, కార్లు లోపలికి వస్తాయి. ఏమీ లేకపోతే మనందరికీ మంచిదే కదా."

లింగయ్య గార్డు గదిలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. తాళ్లు విప్పాడు. బూటు రాలేదు. ఈరమ్మ లేచి వచ్చి అతని ముందు నేల మీద కూర్చుని, మడమ పట్టుకుని మెల్లగా లాగింది. బూటు ఊడి రాగానే ఆ చిన్న గది నిండా వాసన కమ్మింది. చలపతిరావు మొహం తిప్పుకున్నాడు. తర్వాత రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లీ వంగాడు.

సాక్సు పాదానికి అతుక్కుపోయింది. ఈరమ్మ నీళ్లు పోసి తడిపి, కొద్దికొద్దిగా ఒలిచింది. చిటికెన వేలు నల్లబడిపోయింది. దాని పక్కన రూపాయి బిళ్లంత పుండు. విడిపోయిన బూటు అంచు రాసి రాసి కోసేసింది. పుండు అంచుల్లో, సాక్సు మడతల్లో, తెల్లటి సన్న నూకలు కుప్ప పోసినట్టు ఈగ గుడ్లు. ఒకచోట దారపు పోగుల్లా నాలుగైదు పురుగులు అప్పుడే కదలడం మొదలుపెట్టాయి.

లింగయ్య తన పాదాన్ని ఎవరి పాదాన్నో చూసినట్టు చూశాడు.

"నొప్పి లేదు సార్" అన్నాడు. "అక్కా, నిజంగ నొప్పి లేదు. అసలు నొప్పే లేదు."

ఆ మాట అతను మూడుసార్లు అన్నాడు.

"గొర్రెకైతే సీతాఫలం ఆకు పసరు పోస్తం" అంది ఈరమ్మ. "మనిషికి నేను జెయ్య. దవాఖానకు తోలుకపోవాలె, ఇప్పుడే." స్టోరులోంచి కొత్త తెల్లగుడ్డ తెచ్చి తడిపి పాదానికి వదులుగా చుట్టింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే దారులన్నీ ఆగి ఉన్నాయి, ఎంతసేపు పడుతుందో చెప్పలేమన్నారు. చలపతిరావు ఒక్క నిమిషం జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తన కారు తాళాలు తీశాడు. లింగయ్యను వెనక సీట్లో కాలు చాపి పడుకోబెట్టారు. ఈరమ్మ ఆ కాలును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కొండాపూర్ వైపు సర్కారు దవాఖాన దగ్గరే. కానీ కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. రెండు మూడు వందల మంది ఉంటారు. చలపతిరావు కారు దూరంగానే ఆపేశాడు.

"ఈరమ్మా, నేను నోరు విప్పితే నా యాస పట్టేస్తారు" అన్నాడు. "నువ్వే దిగి చెప్పమ్మా."

ఈరమ్మ దిగింది. మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒక నడివయసు మనిషి ఎదురొచ్చాడు. మహేందర్ అని అందరూ పిలుస్తున్నారు. ఆమె ఏం చెప్పిందో చలపతిరావుకు వినపడలేదు. మహేందర్ వచ్చి వెనక అద్దంలోంచి లింగయ్య కాలు చూశాడు. డ్రైవర్ సీట్లో ఉన్న చలపతిరావును చూశాడు.

"బయలెల్లి ఎంతసేపాయె?" అని అడిగాడు.

"ఇప్పుడేనండి, పావుగంట" అన్నాడు చలపతిరావు. అలవాటుగా నోట్లోంచి 'అండి' వచ్చేసింది.

మహేందర్ వెనక్కి తిరిగి గట్టిగా కేకవేశాడు. "గంజులు జరుపుండ్రి! దవాఖాన బండి!" పది మంది కలిసి మరుగుతున్న పప్పు గంజును కర్రలతో ఎత్తి పక్కకు జరిపారు. కాలుతున్న కట్టెలు లాగేశారు. కారు నిప్పుల మధ్య నుంచి మెల్లగా దాటింది. మహేందర్ బోనెట్ మీద చెయ్యి వేసి చౌరస్తా చివరి దాకా ముందు నడిచాడు.

దవాఖానలో డ్యూటీ డాక్టరు పేరు సరిత. ముప్పై ఏళ్లుంటాయి. సమ్మెకు మద్దతుగా నల్ల బ్యాడ్జీ పెట్టుకుని కేసులు చూస్తోంది. పుండు కడిగి, గుడ్లనూ పురుగులనూ ఒక్కటి మిగలకుండా తీయడానికి ఆమెకు గంట పట్టింది. లింగయ్య కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఏమీ తెలియడం లేదు అతనికి. అదే భయంగా ఉంది.

పని అయ్యాక డాక్టరు చేతులు కడుక్కుని అడిగింది. "షుగర్ ఎంతకాలం నుంచి? పాదాలకు స్పర్శ పోయి చాలా రోజులైంది. అందుకే నొప్పి తెలియలేదు. వేలు ఉండదు, తీసెయ్యాలి. కానీ పాదం దక్కుతుంది. ఇంకో రెండు మూడు రోజులు బూటులోనే ఉంచితే విషం పైకెక్కేది. అప్పుడు మోకాలి దాకా తీసెయ్యాల్సి వచ్చేదేమో, నేనేమీ చెప్పలేకపోయేదాన్ని. ఇంత తొందరగా ఎట్ల కనిపెట్టిన్రు?"

లింగయ్య కళ్లు తెరిచి, గోడ పక్కన ఒదిగి నిలబడ్డ ఈరమ్మ వైపు చూపించాడు.

"పెద్దమ్మా, నువ్వా? ఎట్ల తెలిసింది నీకు?"

"ఈగ చెప్పింది బిడ్డా" అంది ఈరమ్మ. తను తప్పు మాట్లాడిందేమోనని వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు నవ్వలేదు. స్టూలు జరిపి ఆమెను కూర్చోమంది. "చెప్పు, మొత్తం చెప్పు" అంది.

ఈరమ్మ మొదట తడబడింది. తర్వాత మాట సాగింది. ఈగ డబ్బాలు వదిలి ఎట్లా వచ్చిందో, బూటు మీద ఎక్కడెక్కడ నడిచిందో, చీలికలో తోక ఎట్లా దూర్చిందో, గొర్రెల్లో ఏయే చోట్లు వెతుక్కుంటుందో, పొద్దుగూకాక ఎందుకు రాదో, అంతా చెప్పింది. డాక్టరు మధ్యమధ్య అడుగుతూ, ఒక చీటీ మీద రాసుకుంటూ వింది.

"నువ్వు చూసింది నిజమే పెద్దమ్మా" అంది చివరికి. "అట్ల నడిచేటప్పుడు అది కాళ్లతోనే రుచి చూస్తది. కండ చెడుతున్న వాసన మన ముక్కుకు తెలియకముందే దానికి తెలుస్తది. మేం పుస్తకంలో రెండు ముక్కలు చదువుకున్నం. నీకు తెలిసినంత నాకు తెలియదు. గొర్రెల్లో చచ్చిన కండ మాత్రమే తినే పురుగులు ఉంటయా, బతికిన కండ తొలిచేవి ఉంటయా?"

"రెండూ ఉంటయి బిడ్డా. తొలిచేటివి పాడువి. గుడ్లప్పుడు చెప్పలేం, అందుకే ఆగొద్దు."

"మేమూ అందుకే ఆగలేదు" అంది డాక్టరు.

ఈరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. లింగయ్య కాలు కోసమే అనుకున్నాడు చలపతిరావు. బయటికి వచ్చాక ఆమె చెప్పింది. "మంద పోయినంక నన్ను ఒక్కరు కూడా ఒక సంగతి అడగలే సార్. ఈడ తుడువు, ఆడ ఊడువు, గంతే. గా డాక్టరమ్మ చల్లగుండాలె. కూసోబెట్టి అడిగింది."

చలపతిరావు ఈరమ్మను నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నాడు. ఆమె ఊరేదో కూడా తనకు తెలియదని అప్పుడే గమనించాడు. "మీదే ఊరమ్మా?" అని అడిగాడు. గోపన్‌పల్లి అంది. దవాఖాన మెట్ల మీద కూర్చుని మామ పుల్లయ్య గురించి, మంద గురించి చాలాసేపు చెప్పింది. ఆయన కూర్చుని విన్నాడు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు లింగయ్య చిటికెన వేలు తీసేశాడు. బాలమణి ఎంఎంటీఎస్ రైలు దొరికించుకుని, హఫీజ్‌పేటలో దిగి అక్కడి నుంచి నడుచుకుంటూ వచ్చింది. సంగతంతా విని, పనికి పోయేముందు చూసిపోదామని వచ్చిన ఈరమ్మ కాళ్ల మీద పడబోయింది. ఈరమ్మ రెండు భుజాలూ పట్టుకుని లేపింది.

"నా కాళ్లెందుకు? మీ ఆయన కాళ్లు చూసుకో. దినాం పొద్దుమీకి రెండు పాదాలు తిప్పి చూడు. ఆయనకు ఎరుక కాదు, నీకు ఎరుక కావాలె."

ఆ రోజే చలపతిరావు కూడా వచ్చాడు. నిన్న తిరిగి పోతూ కొత్తగూడ చౌరస్తాలో మహేందర్ తన కారు ఆపాడని చెప్పాడు. "భయపడ్డానయ్యా. మనిషి ఎట్లున్నడని అడిగాడు. పాదం దక్కిందన్నాను. దిగి తిని పొమ్మన్నాడు. రోడ్డు మీదే కూర్చుని తిన్నాను. పప్పు చాలా బాగుంది" అని, "నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదని వాడికెలా తెలిసిందో" అన్నాడు.

లింగయ్య నెల రోజులు ఇంట్లోనే ఉన్నాడు. ఈలోగా సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు. వస్తుందని మాత్రం అందరూ అంటున్నారు. గార్డులను పెట్టే కంపెనీ వాళ్లు నిలబడలేని మనిషి మాకెందుకన్నారు. చలపతిరావు వాళ్లతో రెండు రోజులు వాదించి, లింగయ్యను లోపల పాసులు ఇచ్చే కౌంటర్లో కుర్చీ మీద కూర్చోబెట్టాడు. బూట్లకు బదులు వెడల్పాటి మెత్తని చెప్పులు వేసుకోవడానికి కాగితం మీద అనుమతి రాసిచ్చాడు. సాయంత్రం ఇల్లు చేరగానే బాలమణి దీపం దగ్గర కూర్చోబెట్టి రెండు పాదాలూ వేళ్ల సందులతో సహా చూసేది. మొదట్లో సిగ్గుపడేవాడు. తర్వాత తనే కాళ్లు చాపేవాడు.

పనిలో చేరిన మొదటి రోజే ఈరమ్మ కోసం చూశాడు. ఆమె లిఫ్టు దగ్గర నేల తుడుస్తోంది. దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"గా దినం నిన్ను అనరాని మాటన్న అక్కా" అన్నాడు.

"ఏమన్నవ్? గొర్లు కాసిన బుద్ధి అన్నవ్. ఉన్నమాటే గద."

"బాలమణి నీకు చీర కొన్నది. జర తీసుకో."

"చీరలున్నయి తమ్మీ. ఆమెకే పెట్టు." ఈరమ్మ తుడుపుకర్ర మీద చెయ్యి ఆన్చింది. "ఒక పని జేస్తవా? మా మరిది ముసలోడాయె. ఆయన కొడుకులు జీవాలను ముట్టరు. చలికాలం మొదలాయె, బొచ్చు కత్తిరించే ముందు ఒక్కొక్కదాన్ని పట్టి చూడాలె. నా చేతులకు బలం లేదు. ఒక ఐతారం నాతోని శంకర్‌పల్లి రా. పట్టుకునే మనిషి కావాలె."

లింగయ్య జన్మలో గొర్రెను పట్టుకోలేదు. వస్తానన్నాడు.

డిసెంబరు మొదటి ఆదివారం ఇద్దరూ బస్సెక్కి పోయారు. బాలమణి రొట్టెలు, పచ్చిపులుసు కట్టిచ్చింది. ముళ్లకంపతో కట్టిన దొడ్డిలో నలభైకి పైగా జీవాలు ఉన్నాయి. ఈరమ్మ లోపలికి అడుగుపెట్టగానే మనిషి మారిపోయింది. నడుం నిలబడింది, గొంతు పెరిగింది. మరిదిని ఏకవచనంలో అదిలించింది. ఏ గొర్రె ఏ తల్లి పిల్లో అడిగి తెలుసుకుంది. ఎండ కాస్త వేడెక్కి ఈగలు లేచేదాకా మరిదినీ లింగయ్యనూ కంప పక్కన ఊరికే కూర్చోబెట్టింది. లింగయ్య అడగలేదు, ఎందుకో అతనికి తెలుసు.

మధ్యాహ్నానికి ఇరవై గొర్రెలను చూశారు. ఒకదానికి గిట్టల సందులో చెడింది. ఇంకొకదానికి చెవి వెనక పుండు. ఈరమ్మ బొచ్చు పాయలు తీసి, కడిగి, పసరు పోసి వదిలింది. లింగయ్య చొక్కా మట్టి కొట్టుకుపోయింది, మోచెయ్యి గీరుకుపోయింది. ఆ ఏడాదిలో అంత హాయిగా అతనికి ఎప్పుడూ లేదు.

ఒక పెద్ద పొట్టేలును మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. ఈరమ్మ దాని కొమ్ము మొదలు దగ్గర వేళ్లతో వెతుకుతోంది. అతనికి ఆమె నెరిసిన తల, ఎండలో ముడతలుపడ్డ మెడ కనపడుతున్నాయి. రెండు నెలలుగా చెప్పాలనుకుంటున్న మాట అప్పుడు వచ్చింది.

"అక్కా, నీ పేరు చెప్పుకొని నడుస్తున్న. బతికినన్ని దినాలు నడుస్త."

ఈరమ్మ తలెత్తలేదు. వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. కొంగుతో కళ్లొత్తుకుని మళ్లీ వెతకడం మొదలుపెట్టింది.

"మంచిది తమ్మీ" అంది. "మాటలవడి చేతులు వదులు జేస్తున్నవ్. గట్టిగ పట్టు, తన్నుతది."